1920 ఆంట్‌వెర్ప్ ఐస్ హాకీ: 31 గోల్స్ ఇచ్చుకున్న జట్టుకు కాంస్యం ఎలా వచ్చింది?

పాతపట్టిక:

ఒలింపిక్స్‌లో ఐస్ హాకీ మొదటిసారి ఆడింది 1920లో, అదీ వేసవి ఒలింపిక్స్‌లో భాగంగా. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో పాలె ద గ్లాస్ అనే ఇండోర్ రింక్‌లో ఏప్రిల్ 23 నుంచి 29 దాకా ఏడు దేశాల జట్లు తలపడ్డాయి. ప్రధాన క్రీడలు ఆగస్టులో మొదలైతే, మంచు మీది ఆటలు ఏప్రిల్‌లోనే ముగిశాయి. మొత్తం పది మ్యాచ్‌ల ఫలితాలు వరుసగా:

ఏప్రిల్ 23: స్వీడన్ 8, బెల్జియం 0
ఏప్రిల్ 24: అమెరికా 29, స్విట్జర్లాండ్ 0
ఏప్రిల్ 24: కెనడా 15, చెకోస్లొవేకియా 0
ఏప్రిల్ 25: స్వీడన్ 4, ఫ్రాన్స్ 0
ఏప్రిల్ 25: కెనడా 2, అమెరికా 0
ఏప్రిల్ 26: కెనడా 12, స్వీడన్ 1
ఏప్రిల్ 27: అమెరికా 7, స్వీడన్ 0
ఏప్రిల్ 28: అమెరికా 16, చెకోస్లొవేకియా 0
ఏప్రిల్ 28: స్వీడన్ 4, స్విట్జర్లాండ్ 0
ఏప్రిల్ 29: చెకోస్లొవేకియా 1, స్వీడన్ 0

స్వర్ణం కెనడాకు, రజతం అమెరికాకు, కాంస్యం చెకోస్లొవేకియాకు. చెకోస్లొవేకియా మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. వేసింది 1 గోల్, ఇచ్చుకున్నవి 31. స్వీడన్ ఆరు ఆడి మూడు గెలిచింది. వేసినవి 17, ఇచ్చుకున్నవి 20. అయినా దానికి నాలుగో స్థానమే. 26న ఫైనల్ ముగిశాక కూడా రజతానికి, కాంస్యానికి వేర్వేరుగా మ్యాచ్‌లు ఎందుకు పెట్టారు? ఎవరు ఎవరితో ఆడాలన్నది ఏ లెక్కన తేల్చారు? ఈ పద్ధతి తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి.

లెక్కలమాస్టారు:

దీన్ని బెర్గ్‌వాల్ పద్ధతి అంటారండీ. ఎరిక్ బెర్గ్‌వాల్ స్వీడన్‌కు చెందిన వాటర్ పోలో ఆటగాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ అధికారిక నివేదికకు సంపాదకుడు కూడా ఆయనే. ఆంట్‌వెర్ప్‌లో వాటర్ పోలోకూ ఇదే పద్ధతి వాడారు.

ఇందులో మూడు దశలు.

మొదటిది మామూలు నాకౌట్. చివరిదాకా ఓడకుండా నిలిచిన జట్టుకు స్వర్ణం.

రెండో దశలో, స్వర్ణం గెలిచిన జట్టు చేతిలో నేరుగా ఓడినవాళ్లందరినీ పోగుచేసి ఇంకో చిన్న నాకౌట్ ఆడిస్తారు. మొదటి రౌండ్‌లో ఓడారా, ఫైనల్లో ఓడారా అన్న తేడా లేదు. అందులో గెలిచినవాళ్లకు రజతం.

మూడో దశలో, స్వర్ణ విజేత చేతిలోగానీ రజత విజేత చేతిలోగానీ ఎప్పుడైనా ఓడి, ఇంకా పతకం దక్కని జట్లు ఆడతాయి. గెలిచినవాళ్లకు కాంస్యం.

ఇప్పుడు మీ పట్టికకు వద్దాం. కెనడా చేతిలో ఓడినవి చెకోస్లొవేకియా, అమెరికా, స్వీడన్. ఈ మూడూ రజతం కోసం బరిలోకి దిగాయి. చెకోస్లొవేకియాకు బై (ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు వెళ్లే వీలు) దొరికింది. అమెరికా 27న స్వీడన్‌ను, 28న చెకోస్లొవేకియాను ఓడించి రజతం తీసుకుంది. తర్వాత కెనడా చేతిలోనో అమెరికా చేతిలోనో ఓడినవి చూడండి: స్వీడన్, చెకోస్లొవేకియా, స్విట్జర్లాండ్. మళ్లీ చెకోస్లొవేకియాకే బై. స్వీడన్ స్విట్జర్లాండ్‌ను గెలిచి, 29న చెకోస్లొవేకియా చేతిలో ఓడింది. అంటే ఆ ఒక్క విజయం కాంస్యం తేల్చే మ్యాచ్‌లోనే వచ్చింది. అందుకే పతకం.

రింక్‌పక్కన:

మరి బెల్జియం, ఫ్రాన్స్ సంగతేమిటి? 29 గోల్స్ తేడాతో ఓడిన స్విట్జర్లాండ్‌కు రెండో అవకాశం ఇచ్చారు. నాలుగు గోల్స్ తేడాతో ఓడిన ఫ్రాన్స్‌ను ఇంటికి పంపేశారు. ఫ్రాన్స్‌కు మొదటి రౌండ్‌లో బై వచ్చింది కాబట్టి టోర్నీ మొత్తంలో ఆడింది ఒక్క మ్యాచే. ఇది న్యాయమేనా?

లెక్కలమాస్టారు:

గోల్స్ తేడా పక్కన పెట్టి, ఎవరు ఎవరి చేతిలో ఓడారన్నదే చూస్తే న్యాయమే. బెర్గ్‌వాల్ ఆలోచన మొత్తం ఒక ఊహ మీద నిలబడింది: బలమైన జట్టు ఎప్పుడూ బలహీనమైనదాన్ని ఓడిస్తుంది. అలాగైతే రెండో అత్యుత్తమ జట్టును ఓడించగలిగేది మొదటిది ఒక్కటే. కాబట్టి రజతానికి అర్హులు కెనడా చేతిలో ఓడినవాళ్లు మాత్రమే. అలాగే మూడో అత్యుత్తమ జట్టును ఓడించగలిగేవి మొదటివి రెండే.

ఫ్రాన్స్, బెల్జియం ఓడింది స్వీడన్ చేతిలో. స్వీడన్‌కు రజతం రాలేదు కాబట్టి అది మూడోదో అంతకంటే కిందిదో అవుతుంది. దాని చేతిలో ఓడినవాళ్లు మూడో స్థానంలో ఉండే వీలు లేదు. స్విట్జర్లాండ్ ఓడింది అమెరికా చేతిలో. 29 గోల్స్‌తో ఓడినా, మూడో అత్యుత్తమ జట్టు అదే అయ్యే అవకాశం తర్కం ప్రకారం ఇంకా మిగిలే ఉంది. అందుకే దాన్ని స్వీడన్‌తో ఆడించి చూశారు.

ఈ పద్ధతి వల్ల జరిగిన అసలు మేలు రజతం దగ్గర ఉంది. ఎవరితో ఎవరన్న జోడీలు వేసిన డ్రాలో కెనడా, అమెరికా ఒకే పక్కన పడ్డాయి, సెమీస్‌లోనే ఢీకొన్నాయి. మామూలు నాకౌట్ అయ్యుంటే ఫైనల్లో 12–1తో చిత్తయిన స్వీడన్‌కు రజతం, అమెరికా ఫ్రాన్స్‌తో కాంస్యం కోసం ఆడాల్సి వచ్చేది. ఆ వారంలో స్వీడన్, అమెరికా నేరుగా తలపడితే 7–0. రెండో స్థానం ఎవరిదో అనుమానానికి తావే లేదు. కాంస్యం ఒక్కదాన్ని పట్టుకుని పద్ధతి మొత్తాన్ని తీసిపారేయడం నాకు సమ్మతం కాదు.

రోవర్ ఏడు:

పద్ధతి గురించి మాట్లాడే ముందు ఆట గురించి కూడా చెప్పుకోవాలి. ఈ స్కోర్లను ఇప్పటి ఐస్ హాకీ కళ్లతో చూస్తే ఏమీ అర్థం కాదు. అప్పటి నిబంధనలు ఇవి:

జట్టుకు ఏడుగురు. గోలీ, ఇద్దరు డిఫెన్స్, సెంటర్, రెండు వింగ్‌లు, వీళ్లకు తోడు రోవర్. రోవర్‌కు ఒక చోటంటూ ఉండదు. దాడిలో ముందుకు, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) పోతే వెనక్కి, ఆట ఎటు తిరిగితే అటు.

ఆట సమయం 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మొత్తం 40 నిమిషాలు. ఇప్పటిలా మూడు పీరియడ్లు కావు.

ఎవరైనా గాయపడి బయటికి వెళితే అతని చోట ఇంకొకరు రారు. ఎదుటి జట్టు కూడా ఒకరిని తీసేసి లెక్క సరిచేయాలి. నిమిషానికోసారి లైన్ (మంచు మీదున్న ఆటగాళ్ల గుంపు) మార్చి ఊపిరి పీల్చుకునే ఇప్పటి వెసులుబాటు ఊహకు కూడా అందదు. దిగినవాళ్లే చివరిదాకా పరుగు పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, ముందుకు పాస్ ఇవ్వకూడదు. పక్ పట్టుకున్నవాడికంటే ముందు నిలబడ్డ సహచరుడు ఆఫ్‌సైడ్. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి, రగ్బీలో లాగా. నార్త్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ 1918లో మధ్య జోన్‌లో మాత్రం ముందు పాస్‌కు అనుమతి ఇచ్చింది. అన్ని జోన్లకూ విస్తరించింది 1929–30 సీజన్‌లో.

ఈ చివరి నిబంధనే స్కోర్లు ఇంతగా పెరగడానికి మూలం. ముందుకు పాస్ లేదంటే పక్‌ను ఎదుటి గోల్ దాకా తీసుకెళ్లడానికి ఒకటే దారి: కర్రకు అంటిపెట్టుకుని స్కేటింగ్ చేస్తూ మనుషులను తప్పించుకుని పోవడం. స్కేటింగ్ వేగం, కర్ర పనితనం రెంటిలోనూ పైచేయి ఉన్న జట్టు దగ్గరి నుంచి పక్ లాక్కోవడం రెండో జట్టువల్ల కాదు. ఒకవేళ లాక్కున్నా, దూరంగా ఒక పొడవాటి పాస్ విసిరి ఒత్తిడి దించుకునే వీలు లేదు. నాలుగడుగులు వేసేలోపే మళ్లీ పోగొట్టుకుంటారు. ఇప్పుడు బలహీన జట్లు ఎదురుదాడులతో ఒకటో రెండో గోల్స్ సంపాదించుకుంటాయి. 1920లో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. 99 గోల్స్ పడిన టోర్నీలో పది మ్యాచ్‌లకు తొమ్మిదింట ఓడిన జట్టు సున్నా దగ్గరే ఆగిపోయింది చూడండి.

పాతపట్టిక:

కెనడా మీద గోల్ పడిన ఆ ఒక్క మ్యాచ్ ఫైనలే కదా, 12–1. స్వీడన్ తరఫున అది ఐనార్ స్వెన్సన్ వేసిన గోల్. టోర్నీ మొత్తంలో కెనడా వేసినవి 29, ఇచ్చుకున్నది ఆ ఒక్కటే.

రోవర్ గారూ, ఒక అనుమానం. ఆ రింక్ చాలా ఇరుకు అంటారు. ఇరుకు చోట డిఫెన్స్ చేయడం సులువు కదా. మరి 29 గోల్స్ ఎలా పడతాయి?

రోవర్ ఏడు:

రింక్ పొడవు 56 మీటర్లు, వెడల్పు 18. ఇప్పటి అంతర్జాతీయ రింక్ 60 మీటర్ల పొడవు, 30 దాకా వెడల్పు ఉంటుంది. మనిషికి వచ్చే చోటు లెక్కేస్తే తేడా తెలుస్తుంది. అప్పుడు 14 మంది ఆడేవారు, ఒక్కొక్కరికి 72 చదరపు మీటర్లు. ఇప్పుడు 12 మందికి ఒక్కొక్కరికి 150. సగం కంటే తక్కువన్నమాట.

ఇరుకు రింక్ సమాన బలం ఉన్న జట్ల మధ్య డిఫెన్స్‌కు కలిసొస్తుంది. కెనడా, అమెరికా మ్యాచ్ 2–0తో ముగిసింది అందుకే. కానీ బలాబలాలు తేడాగా ఉన్నప్పుడు అదే ఇరుకు ఎదురు తిరుగుతుంది. పక్కకు తప్పుకునే చోటు లేదు, శరీరంతో ఢీకొట్టి ఆపడం తెలిసినవాళ్లదే రాజ్యం. గోల్ వేశాక మధ్యలోంచి మళ్లీ ఆట మొదలైతే నాలుగైదు సెకన్లలో ఎదుటి గోల్ ముందు ఉంటారు. 40 నిమిషాల్లో 29 గోల్స్ అంటే సగటున 83 సెకన్లకు ఒకటి.

గోలీల సమస్య ఇంకోటి. కెనడా, అమెరికా ఆటగాళ్లు మణికట్టుతో పక్‌ను గాలిలోకి లేపి కొట్టేవారు. నేల మీద దొర్లే బంతికి అలవాటుపడిన గోలీకి అది భుజం ఎత్తున వస్తుంటే కాళ్లు, కర్ర ఎందుకూ పనికిరావు.

ఉత్తరగాలి:

ఆ బంతి సంగతి ఇంకొంచెం చెప్పుకుంటే స్వీడన్ ఎందుకు ఓడిందో తెలుస్తుంది. స్వీడన్ ఆటగాళ్లలో ఎక్కువమంది బాండీ ఆటగాళ్లు. బాండీ కూడా మంచు మీదే ఆడతారు కానీ అది వేరే ఆట. జట్టుకు 11 మంది, మైదానం ఫుట్‌బాల్ మైదానమంత, పక్ బదులు బంతి, పొట్టి వంపు కర్ర, గోలీకి అసలు కర్రే ఉండదు. ఒంటితో ఢీకొట్టడానికి నిబంధనలు పెద్దగా ఒప్పుకోవు. అంత విశాలమైన చోట పొడవాటి పరుగులకు అలవాటుపడ్డవాళ్లను తీసుకొచ్చి 18 మీటర్ల వెడల్పులో దింపారు.

పైగా బెల్జియంతో 23న ఆడినదే స్వీడన్‌కు ఐస్ హాకీలో తొలి అంతర్జాతీయ మ్యాచ్. ఆ దేశ ఐస్ హాకీ సమాఖ్య ఏర్పడింది 1922లో, అంటే టోర్నీ అయిన రెండేళ్లకు. జట్టులో నీల్స్ మొలాండర్‌లాంటి ఒకరిద్దరు బెర్లిన్ క్లబ్బుల్లో ఆడిన అనుభవం ఉన్నవాళ్లు. స్వీడన్‌లో ఈ ఆటను మొదలుపెట్టించింది రావుల్ లె మాట్ అనే అమెరికన్. ఇప్పటికీ స్వీడిష్ లీగ్ విజేతకు ఇచ్చే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది.

చెకోస్లొవేకియా అలా కాదు. దేశం కొత్తదే అయినా ఆట పాతది. 1908లో పారిస్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడ్డ సంవత్సరమే చెక్ ప్రాంతమైన బొహీమియా అందులో చేరింది. 1911లో, 1914లో యూరోపియన్ చాంపియన్. ఆంట్‌వెర్ప్‌లో కెనడా, అమెరికా ముందు నిలవలేకపోయినా, స్వీడన్ మీద అనుభవమంతా చెక్ జట్టుదే. కాబట్టి 1–0 ఫలితం గాలివాటంగా వచ్చినది కాదు. గోల్ వేసింది యోసెఫ్ ష్రౌబెక్. స్వీడన్‌ను సున్నా దగ్గర ఆపిన గోలీ కారెల్ వెల్జర్.

రింక్‌పక్కన:

ఒప్పుకుంటాను. కానీ తేదీలు చూడండి. స్వీడన్ 23న ఆడి, ఒక రోజు విరామం తర్వాత 25, 26, 27, 28, 29 వరుసగా ఐదు రోజులు ఆడింది. ఫ్రాన్స్, కెనడా, అమెరికా, స్విట్జర్లాండ్, చెకోస్లొవేకియా. లైన్లు మార్చుకోలేని ఏడుగురి ఆటలో ఐదు రోజులు ఏకబిగిన ఆడాక కాళ్లలో ఏం మిగులుతుంది? చెకోస్లొవేకియా 24న ఆడి, 28 దాకా మూడు రోజులు ఖాళీగా ఉంది. రెండుసార్లూ బై దానికే. తర్కం సరైనదే కావచ్చు, షెడ్యూల్ మాత్రం స్వీడన్‌ను చంపేసింది. ముందుకు వెళ్లిన జట్టే ఎక్కువ మ్యాచ్‌లు ఆడాలి, మొదట్లోనే ఓడినవాళ్లు విశ్రాంతి తీసుకుంటారు. ఈ లోపం పద్ధతిలోనే ఉంది.

లెక్కలమాస్టారు:

షెడ్యూల్ విషయంలో మీరన్నది నిజం, దాన్ని తోసిపుచ్చలేం. ఒక్క మాట మాత్రం కలపాలి: చెకోస్లొవేకియా కూడా 28నే అమెరికా చేతిలో 16 గోల్స్ ఇచ్చుకుని, మర్నాడే స్వీడన్‌తో ఆడింది. ముందు రోజు ఆడినవాళ్లే ఇద్దరూ. అలసట పోగుపడింది మాత్రం స్వీడన్‌కే.

సర్వజట్ల లీగ్ పెట్టొచ్చు కదా అంటారేమో. ఏడు జట్లకు 21 మ్యాచ్‌లు. ఉన్నది ఒకటే రింక్, అదే వారంలో ఫిగర్ స్కేటింగ్ పోటీలు కూడా అదే మంచు మీద. ఏడు రోజుల్లో అది కుదరదు. బెర్గ్‌వాల్ పద్ధతిలో పదితో సరిపోయింది: స్వర్ణానికి ఆరు, రజతానికి రెండు, కాంస్యానికి రెండు.

ఎనిమిది జట్లకు కట్టి చూస్తే ఇలా ఉంటుంది. స్వర్ణానికి ఏడు మ్యాచ్‌లు. విజేత చేతిలో ఓడినవాళ్లు ముగ్గురు, కాబట్టి రజతానికి రెండు. కాంస్యం దగ్గరే సంఖ్య మారుతుంది. రజతం గెలిచిన జట్టు ఫైనల్ దాకా వచ్చి ఓడినదైతే, దారిలో అది ఇద్దరిని ఓడించి ఉంటుంది. వాళ్లూ కాంస్యం పోటీలోకి వస్తారు. మొత్తం నలుగురు, మూడు మ్యాచ్‌లు. సెమీస్‌లో ఓడినదైతే రెండు మ్యాచ్‌లు. మొదటి రౌండ్‌లోనే ఓడినదైతే ఒకటే. అంటే మొత్తం పది నుంచి పన్నెండు. కాంస్యం కోసం ఎన్ని మ్యాచ్‌లు పడతాయో, ఎవరెవరు ఆడతారో రజతం తేలేదాకా పూర్తిగా తెలియదు. టికెట్లు అమ్మేవాళ్లకు, హోటల్ గదులు మాట్లాడేవాళ్లకు ఇది నిజంగా తలనొప్పి.

పాతపట్టిక:

ఆ చివరి మాట చాలా ముఖ్యం. ఎవరెవరు ఆడాలో ముందుగా తెలియకపోతే ఆటగాళ్లు వెళ్లిపోతారు కదా?

లెక్కలమాస్టారు:

వెళ్లిపోయారు కూడా, ఐస్ హాకీలో కాదు, అదే ఆంట్‌వెర్ప్‌లో అదే సంవత్సరం ఫుట్‌బాల్‌లో. బెల్జియంతో ఫైనల్లో వెనకబడి ఉండగా చెకోస్లొవేకియా జట్టు రిఫరీ మీద ఆగ్రహంతో మైదానం విడిచి వెళ్లిపోయింది. ఆ జట్టును పోటీ నుంచే తీసేశారు. తర్వాత రెండో స్థానానికి మ్యాచ్‌లు పెట్టేసరికి సెమీస్‌లో ఓడిన ఫ్రాన్స్ ఆటగాళ్లు అప్పటికే ఇంటి దారి పట్టారు. చివరికి స్పెయిన్ నెదర్లాండ్స్‌ను 3–1తో ఓడించి రజతం తీసుకుంది, నెదర్లాండ్స్‌కు కాంస్యం.

ఈ పద్ధతి చెడేది ఇక్కడే. ఓడిన జట్టు ఊళ్లోనే ఆగి ఉండాలి, ఆడటానికి ఒప్పుకోవాలి, మధ్యలో ఎవరూ పోటీ నుంచి తప్పుకోకూడదు. ఈ మూడింట్లో ఏది తప్పినా లెక్క గల్లంతే. ఐస్ హాకీ వారం రోజుల్లో ఒకే రింక్‌లో ముగిసింది కాబట్టి ఎవరూ వెళ్లిపోలేదు, పద్ధతి చివరిదాకా నడిచింది.

గోల్డ్ అండ్ బ్లాక్:

కెనడా జట్టు గురించి ఎవరూ రాయలేదు. ఈ టోర్నీకి ప్రాణం పోసింది ఆ జట్టే.

కెనడా తరఫున ఆడింది ఏరికోరి కూర్చిన జాతీయ జట్టు కాదు, వినిపెగ్ ఫాల్కన్స్ అనే క్లబ్. ఆ ఏడు మార్చిలో టొరంటో విశ్వవిద్యాలయం జట్టును ఓడించి అమెచ్యూర్ చాంపియన్లకు ఇచ్చే అలన్ కప్ గెలిచింది. గెలిచినవాళ్లే ఒలింపిక్స్‌కు. వినిపెగ్ తిరిగి వెళ్లి వచ్చే తీరిక లేదు. టొరంటో నుంచి అటే సెయింట్ జాన్ రేవుకు వెళ్లి మెలిటా ఓడ ఎక్కారు.

జట్టు ఎనిమిది మంది: గోల్‌లో వాలీ బైరన్, డిఫెన్స్‌లో కోనీ యోహానెసన్, బాబీ బెన్సన్, సెంటర్‌లో కెప్టెన్ ఫ్రాంక్ ఫ్రెడ్రిక్సన్, వింగ్‌లలో మైక్ గుడ్‌మన్, స్లిమ్ హాల్డర్సన్, రోవర్ చోటుకు హక్ వుడ్‌మన్, క్రిస్ ఫ్రిడ్‌ఫిన్సన్. వుడ్‌మన్ తప్ప మిగిలినవాళ్లందరూ ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలే. వినిపెగ్‌లో పెద్ద లీగ్ వీళ్లను చాలాకాలం చేర్చుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జట్టు మొత్తం సైన్యంలో చేరింది. ఫ్రాంక్ థోర్స్‌టైన్సన్, జార్జ్ కంబర్స్ అనే ఇద్దరు తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవాళ్లు మళ్లీ జట్టు కట్టి రెండేళ్లు తిరక్కుండా ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. లీగ్‌లో చోటు ఇవ్వనన్న ఊరి పేరును ప్రపంచానికి చెప్పింది వీళ్లు. అమెరికా మీద పడిన రెండు గోల్స్ ఫ్రెడ్రిక్సన్‌ది ఒకటి, యోహానెసన్‌ది ఒకటి.

క్లబ్‌ను పంపడం వల్ల కలిసొచ్చిందేమిటంటే, ముందు పాస్ లేని ఆటలో పక్కవాడు ఏ క్షణాన ఎక్కడుంటాడో చూడకుండానే తెలియాలి. అది ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లకే వస్తుంది. అమెరికాది సెయింట్ పాల్, పిట్స్‌బర్గ్, బోస్టన్‌ల నుంచి ఏరిన జట్టు. మూస్ గోహీన్, హెర్బ్ డ్రూరీ లాంటి గొప్ప ఆటగాళ్లున్నారు. ఒక్కొక్కరిని పోల్చితే కెనడాకు తీసిపోరు. ఆ రెండు గోల్స్ తేడా కూడికలో ఉందని నా నమ్మకం.

కెనడా తర్వాత కూడా ఇదే దారి పట్టింది. 1924లో టొరంటో గ్రానైట్స్, 1928లో టొరంటో విశ్వవిద్యాలయం గ్రాడ్స్, 1932లో వినిపెగ్ హాకీ క్లబ్.

ఉత్తరగాలి:

దానికి ఒకటి కలుపుతాను. కెనడా వాళ్లు ఆటగాళ్లతో పాటు నిబంధనలూ తెచ్చారు. ఒంటారియో హాకీ సంఘం కార్యదర్శి డబ్ల్యూ.ఎ. హెవిట్ జట్టుతో వచ్చి, మొట్టమొదటి మ్యాచ్‌కు, అంటే స్వీడన్–బెల్జియం మ్యాచ్‌కు రిఫరీగా నిలబడ్డారు. ఆటను పరిచయం చేయడమంటే అలా దగ్గరుండి చూపించడమే.

యూరప్ వైపు చూస్తే సమాఖ్య పెద్దలు స్వయంగా స్కేట్లు కట్టుకుని దిగిన రోజులవి. స్విట్జర్లాండ్ తరఫున ఆడిన మాక్స్ సిలిగ్ 1920 నుంచి 1922 దాకా అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడు, అప్పటికి వయసు నలభై దాటింది. బెల్జియం తరఫున ఆడిన పాల్ లోయిక్ 1922 నుంచి 1947 దాకా అధ్యక్షుడిగా ఉన్నారు.

ఓడిన దేశాలకు మాత్రం చోటు లేదు. జర్మనీ, ఆస్ట్రియా, హంగరీలను యుద్ధం కారణంగా ఒలింపిక్స్‌కే పిలవలేదు. 1910లో స్విట్జర్లాండ్‌లోని లెజవాంలో జరిగిన మొదటి యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో రెండో స్థానం జర్మనీదే. ఆ పోటీ గెలిచిన బ్రిటన్ కూడా ఆంట్‌వెర్ప్‌కు రాలేదు. ఆ రెండూ ఉంటే కాంస్యం కథ ఇంకోలా ఉండేది.

రింక్‌పక్కన:

దీన్ని మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ అని కొన్నిచోట్ల, 1930ది మొదటిదని కొన్నిచోట్ల రాస్తున్నారు. ఏది సరి?

ఉత్తరగాలి:

రెండూ సరే, లెక్క వేరు. 1920లో ఆడింది ఒలింపిక్ పోటీగానే. తర్వాత కాలంలో అంతర్జాతీయ సమాఖ్య దాన్నే మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్‌గా లెక్కలోకి తీసుకుంది. 1968 దాకా ఒలింపిక్ టోర్నీలన్నీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లు కూడా. ఒలింపిక్స్‌తో సంబంధం లేకుండా విడిగా జరిపిన మొదటిది 1930ది. అది ఫ్రాన్స్‌లోని షమొనీలో మొదలైంది. మంచు కరిగిపోవడంతో బెర్లిన్‌కు మార్చారు. అక్కడ కెనడా నేరుగా ఫైనల్ ఆడి జర్మనీని 6–1తో ఓడించింది.

పాత ఫలితాలు వెతికేవాళ్లు ఇంకో తికమకకు గురికాకుండా చూసుకోవాలి. ఆంట్‌వెర్ప్‌లో మనకు తెలిసిన ఫీల్డ్ హాకీ కూడా జరిగింది. అందులో నాలుగు జట్లే, స్వర్ణం బ్రిటన్‌ది. భారత్ ఫీల్డ్ హాకీలో దిగింది 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో. తెలుగులో రెంటినీ హాకీ అనే రాస్తాం కాబట్టి 1920 హాకీ అని వెతికితే రెండు పట్టికలూ కలిసిపోయి వస్తాయి.

పాతపట్టిక:

ఉపయోగపడే మాట. చివరిగా ఒకటి: బెర్గ్‌వాల్ పద్ధతిని ఐస్ హాకీలో మళ్లీ వాడారా? స్వీడన్, చెకోస్లొవేకియా లెక్క ఎప్పుడైనా తేలిందా?

రోవర్ ఏడు:

1924 షమొనీలో పద్ధతీ మారింది, ఆటా మారింది. రోవర్ పోయాడు, జట్టుకు ఆరుగురయ్యారు. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. నాలుగేసి జట్లతో రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపు నుంచి రెండేసి జట్లు చివరి దశకు. అందరూ అందరితో ఆడతారు కాబట్టి ఒకరికి వరుస బైలు, ఇంకొకరికి ఏకబిగిన ఐదు రోజులు అన్న బాధ తప్పింది. స్కోర్లు మాత్రం తగ్గలేదు. కెనడా ఐదు మ్యాచ్‌ల్లో 110 గోల్స్ వేసి 3 ఇచ్చుకుంది. చెకోస్లొవేకియా మీద 30, స్వీడన్ మీద 22, స్విట్జర్లాండ్ మీద 33.

స్వీడన్, చెకోస్లొవేకియా లెక్క అంతకంటే ముందే తేలింది. 1921లో స్టాక్‌హోమ్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్ పెడితే వచ్చింది ఈ రెండు జట్లే. స్వీడన్ గెలిచింది. షమొనీలో గ్రూపులో మళ్లీ స్వీడనే పైచేయి సాధించి చివరి దశకు వెళ్లింది. అక్కడ కాంస్యం కోసం బ్రిటన్ చేతిలో 3–4తో ఓడి రెండోసారీ నాలుగో స్థానంలోనే మిగిలింది.